డ్రైయర్ రెండు గంటలు తిరిగినా బట్టలు ఆరట్లేదా? ముందు గాలి సంగతి చూడండి

ప్రశ్న: సార్ నమస్తే. మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. ఇల్లు కొని ఆరేళ్ళైంది, డ్రైయర్ కూడా అప్పటిదే, కరెంటుది. మొదట్లో ఒక లోడు ముప్పావు గంటలో ఆరిపోయేది, ఇప్పుడు రెండు గంటలు తిప్పినా జీన్స్ నడుము దగ్గర, టవల్స్ అంచుల దగ్గర చెమ్మ చెమ్మగానే ఉంటున్నాయి. రిపేరతన్ని పిలిస్తే హీటింగ్ ఎలిమెంట్ పాడైందని చెప్పి మార్చి 280 డాలర్లు తీసుకున్నాడు, తేడా ఏమీ రాలేదు. ఊరి నుంచి అత్తయ్యగారు మామయ్యగారు వచ్చారు, పిల్లలు ఇద్దరు చిన్నవాళ్ళు, రోజుకి రెండు లోడ్లు తప్పట్లేదు. అత్తయ్యగారు పెరట్లో తాడు కట్టి ఆరేసుకుందాం అంటున్నారు, మా హెచ్ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు ఏమంటారో అని నాకు భయం. దీన్ని తీసేసి కొత్తది కొనేయమంటారా?

జవాబు: కొనకండమ్మా, ఇప్పుడే అస్సలు కొనకండి. కొత్తది తెచ్చి అదే గోడకి, ఆవిరిని ఇంటి బయటికి పంపే అదే గొట్టానికి తగిలిస్తే అది కూడా రెండు గంటలే తిరుగుతుంది, ఇలా కొత్త డ్రైయర్ కొనుక్కుని నెల తిరక్కుండానే మళ్ళీ ఫోన్ చేసినవాళ్ళని నేను చాలామందిని చూశాను.

అత్తయ్యగారి మాట నుంచే మొదలుపెడదాం, ఎందుకంటే ఆవిడ దగ్గరే సగం జవాబు ఉంది. మన ఊళ్ళో దండెం మీద బట్టలు ఎప్పుడు తొందరగా ఆరతాయో ఆవిడ్ని అడగండి. ఎండ మండిపోతున్నా గాలి స్తంభించి ఉక్కపోతగా ఉంటే ఆరవు, ఎండ అంతగా లేకపోయినా పడమటి గాలి కొడుతుంటే గంటలో పెళపెళలాడిపోతాయి. ముసురు పట్టిన రోజైతే ఇంట్లో ఫ్యాన్ కింద ఆరేసినా రెండో రోజుకి ముక్కిన వాసన వస్తుంది. డ్రైయర్ లోపల జరిగేదీ ఇదే. వేడి బట్టలో ఉన్న నీళ్ళని ఆవిరి చేస్తుంది, అంతవరకే దాని పని, ఆ ఆవిరిని బయటికి మోసుకుపోవాల్సింది గాలి. వెనకున్న గొట్టం మూసుకుపోతే ఆవిరి డ్రమ్ములోనే తిరుగుతూ ఉంటుంది, అంటే మీ డ్రైయర్ లోపల రెండు గంటలసేపు ముసురు పట్టి ఉందన్నమాట.

దీనికి తోడు ఇంకోటి జరుగుతుంది, మీ రిపేరతను దీన్నే చూసుకోలేదు. గాలి ఆడకపోతే హీటర్ దగ్గర వేడి పేరుకుపోతుంది, అక్కడ ఒక హై లిమిట్ థర్మోస్టాట్ ఉంటుంది, వేడి గీత దాటగానే అది హీటర్ని ఆపేస్తుంది, చల్లబడ్డాక మళ్ళీ వెలిగిస్తుంది, మళ్ళీ ఆపేస్తుంది. డ్రమ్ము మాత్రం ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి బయటి నుంచి చూసేవాళ్ళకి అంతా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. గంటలో హీటర్ నిజంగా వెలిగేది ఏ పావుగంటో అయితే బట్టలు ఎక్కడ ఆరతాయి? ఇందులో ఎలిమెంట్ తప్పేమీ లేదు. అసలు ఎలిమెంట్ పూర్తిగా తెగిపోతే వేడి అస్సలు రాదు, మీకు ఆలస్యంగానైనా ఆరుతున్నాయంటే అది చాలావరకు బాగానే ఉండి ఉండాలి.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి, పైసా ఖర్చు లేదు. లింట్ ఫిల్టర్ (బట్టల నూగు పట్టే జాలీ) శుభ్రం చేసి, తడి బట్టలు వేసి, డ్రైయర్ ఆన్ చేసి, ఇంటి బయటికెళ్ళి ఆ గొట్టం గోడలోంచి బయటికొచ్చే చోట చెయ్యి పెట్టండి. మూత రెక్కలు బాగా పైకి లేచి, వెచ్చటి గాలి చేతికి గట్టిగా తగలాలి. రెక్క సగమే లేచి, గాలి ఊది ఊదనట్టు వస్తుంటే దొంగ దొరికినట్టే. కొన్ని ఇళ్ళల్లో అది గోడకి కాకుండా పైకప్పు మీదికి పోతుంది, అలాంటప్పుడు నిచ్చెనలెక్కకండి, రెండో పరీక్ష చేద్దాం.

రెండో పరీక్ష కరెంటు డ్రైయర్లకి మాత్రమే, గ్యాస్ డ్రైయర్ ఉన్నవాళ్ళు దీన్ని చదివి వదిలేయండి, ఎందుకో కింద చెప్తాను. ప్లగ్గు తీసి డ్రైయర్ని ముందుకి లాగి వెనక ఉన్న గొట్టాన్ని ఊడదీయండి. ఊడదీశాక ఒక్క లోడుకి మాత్రం గొట్టం లేకుండానే తిప్పండి. గదంతా ఆవిరి, నూగు ఎగురుతుంది, కిటికీ తీసి పెట్టుకోండి, పక్కనే ఉండండి, దీన్ని అలవాటు చేసుకోకండి. అదే లోడు ఇప్పుడు ముప్పావు గంటలో ఆరిందా, డ్రైయర్ నిక్షేపంగా ఉంది, తప్పంతా గొట్టానిదే. అలా కూడా రెండు గంటలు పడితే అప్పుడు మిషన్ లోపల వెతకాలి.

గొట్టంలో చూడాల్సినవి చాలానే ఉన్నాయి, నేను ఎక్కువగా చూసేది డ్రైయర్ వెనక నలిగిపోయిన గొట్టం. ఇల్లు మారినప్పుడో, కింద పడ్డ సాక్సు తీద్దామనో డ్రైయర్ని లాగుతారు, మళ్ళీ వెనక్కి నెట్టేటప్పుడు ఆ జిగేల్మనే పల్చటి ఫాయిల్ గొట్టం గోడకీ మిషన్‌కీ మధ్య అప్పడంలా అణిగిపోతుంది. మా ఇంట్లో కూడా ఒకసారి ఇలాగే అయ్యి, మూడు వారాలు మా ఆవిడ చెప్తున్నా నేను వెనక్కి వెళ్ళి చూడలేదు, చూస్తే 4 అంగుళాల గొట్టం రెండు వేళ్ళ సందైపోయింది. మీకు ఎలిమెంట్ మార్చినతను కూడా లాగి నెట్టి ఉంటాడు కదా, అక్కడే మొదట చూడండి. తెల్ల ప్లాస్టిక్ ముడతల గొట్టం కనిపిస్తే ఈ రోజే పీకి పారేయండి, దానికి నిప్పు అంటుకుంటుంది. ఫాయిల్ గొట్టం కూడా వద్దు, ముడతల్లో నూగు పట్టేస్తుంది. నున్నటి అల్యూమినియం గొట్టం, 4 అంగుళాలది, హోమ్ డిపోలోనో లోస్‌లోనో దొరుకుతుంది, వంగాల్సిన చోట సెమీ రిజిడ్ ముక్క చాలు. అతుకులకి మెరిసే ఫాయిల్ టేప్ వాడండి, బూడిదరంగు గుడ్డ టేప్ వేడికి ఊడిపోతుంది. స్క్రూలు మాత్రం లోపలికి దిగేలా వేయొద్దు, స్క్రూ మొన దగ్గర నూగు చిక్కుకుని అక్కడే ఉండ కడుతుంది.

తర్వాత గొట్టం ఎంత పొడవుందో చూడండి. అమెరికా ఇళ్ళ బిల్డింగ్ కోడ్ ప్రకారం మామూలుగా 35 అడుగుల వరకు ఒప్పుకుంటారు, కానీ ప్రతి 90 డిగ్రీల మలుపుకీ అందులోంచి 5 అడుగులు, 45 డిగ్రీల మలుపుకి రెండున్నర అడుగులు కొట్టేయాలి. మీ లాండ్రీ గది మేడ మీద ఇంటి మధ్యలో ఉండి, గొట్టం మూడు మలుపులు తిరిగి పోతోందనుకోండి, మిగిలేది 20 అడుగులే, ఉన్నదేమో 30 అడుగులు ఉందనుకోండి, అలాంటి ఇంట్లో డ్రైయర్ మొదటి రోజు నుంచే ఆయాసపడుతూ ఉంటుంది, నూగు కాస్త పట్టగానే చేతులెత్తేస్తుంది. అలాంటి చోట దారి మార్చించడమో, డ్రైయర్ల కోసమే చేసిన బూస్టర్ ఫ్యాన్ పెట్టించడమో తప్ప వేరే మార్గం లేదు.

ఇక బయటి మూత. అక్కడ దోమల జాలీ లాంటిది కొట్టి ఉంటే తీసేయండి, పురుగులు రాకూడదని మంచి ఉద్దేశంతోనే కొడతారు గానీ రెండు నెలల్లో అది నూగుతో దుప్పటిలా కప్పుకుపోతుంది. పిచ్చుకలు కూడా గూడు పెడతాయి. అమెరికాలో ఇలాంటి గొట్టాల్లో గూళ్ళు కట్టేది మన పెంకుటిళ్ళ చూరుల్లో ఉండే పిచ్చుకే, వేరే జాతి కాదు, 1850ల్లో ఇక్కడికి తెచ్చి వదిలారు. వెచ్చగా ఉంటుంది, మెత్తటి నూగు ఉంటుంది, దానికి అంతకంటే ఏం కావాలి. గూడు ఖాళీగా ఉంటే తీసేయొచ్చు. గుడ్లో పిల్లలో ఉంటే మాత్రం ఆగండి, ఇక్కడ చాలా పక్షుల గూళ్ళకి 1918 నాటి వలస పక్షుల చట్టం రక్షణ ఉంది, పిచ్చుకకీ స్టార్లింగ్‌కీ లేదు కానీ ఏ పక్షో మనకి తెలియనప్పుడు పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగడమే మంచిది, ఆ కొన్ని వారాలు అత్తయ్యగారి తాడే కట్టుకోండి, పెరట్లో కాకపోతే గరాజ్‌లో ఫ్యాన్ పెట్టి.

గొట్టం లోపల శుభ్రం చేయడానికి డ్రిల్లుకి తగిలించే పొడుగాటి బ్రష్షు కర్రలు అమ్ముతారు, ఒకదానికొకటి మరలు బిగించుకుంటూ లోపలికి పంపాలి. డ్రిల్లుని ముందుకే తిప్పండి, వెనక్కి తిప్పితే కర్రల మరలు ఊడిపోయి బ్రష్షు గోడలోపలే ఉండిపోతుంది, అప్పుడు గోడ పగలగొట్టించుకోవాలి. ఏడాదికి ఒకసారి చేస్తే సరిపోతుంది, మీలా రోజుకి రెండు లోడ్లయితే ఆరు నెలలకి ఒకసారి.

దీన్ని ఇంత సాగదీసి చెప్తున్నది బట్టల కోసమే కాదు. అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ లెక్క ప్రకారం ఇళ్ళల్లో డ్రైయర్ల వల్ల ఏడాదికి సుమారు 2,900 అగ్నిప్రమాదాలు జరుగుతున్నాయి, అందులో మొదటి కారణం శుభ్రం చేయకపోవడమే. ఆ నూగు చేతిలోకి తీసుకుని చూడండి, దీపానికి చేసే వత్తి దూదికీ దానికీ తేడా ఏముంది? డ్రైయర్ ఆన్ చేసి గుడికెళ్ళిపోవడం, పడుకోబోయే ముందు వేసేయడం దయచేసి మానేయండి.

మన ఇళ్ళకి ప్రత్యేకంగా ఇంకో మాట చెప్పాలి. తలంటుకి నువ్వుల నూనె, పిల్లలకి ఒంటికి నూనె పట్టించి తుడిచిన టవల్స్, పొయ్యి దగ్గర మసిగుడ్డలు, పూజగదిలో నూనె తుడిచిన గుడ్డలు, ఇవన్నీ మామూలు బట్టల్తో కలిపి మిషన్లో వేసేస్తాం కదా. ఒక్క ఉతుకుకి ఆ నూనె మొత్తం పోదు. వంటనూనె అంటిన గుడ్డ వేడెక్కితే తనలో తనే ఇంకా వేడి పుట్టించుకుంటుంది, డ్రైయర్లోంచి తీసి వేడి వేడిగా బుట్టలో కుప్ప పోస్తే ఆ కుప్ప లోపల రాజుకుని అంటుకున్న సందర్భాలున్నాయి. అలాంటివి విడిగా వేడినీళ్ళలో సబ్బు దండిగా వేసి ఉతికి బయట ఆరేయండి, డ్రైయర్‌లో వేయకండి. అత్తయ్యగారికి కూడా చెప్పండి, ఆవిడకి అమెరికా మిషన్ల సంగతి తెలీకపోవచ్చు గానీ నూనె గుడ్డ నిప్పు దగ్గర పెట్టకూడదని మీకూ నాకూ చెప్పింది ఆ తరంవాళ్ళే.

గొట్టం బాగున్నా ఆరకపోతే అప్పుడు మిగతావి. ఫిల్టర్ జాలీని కుళాయి కింద పెట్టి నీళ్ళు పోయండి, నీళ్ళు జారిపోకుండా జాలీ మీద నిలబడితే డ్రైయర్ షీట్ల మైనం పట్టేసిందన్నమాట, కంటికి శుభ్రంగానే కనిపిస్తుంది, గాలి మాత్రం దూరదు. గోరువెచ్చటి నీళ్ళు, గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్ చాలు. డ్రమ్ము లోపల ఫిల్టర్ దగ్గర రెండు సన్నటి లోహపు పట్టీలు ఉంటాయి, అవి తడిని కనిపెట్టే సెన్సర్లు, వాటికి ఇదే మైనం పడితే బట్టలు తడిగా ఉండగానే ఆరిపోయాయనుకుని మిషన్ ముందే ఆగిపోతుంది, మీరు మళ్ళీ ఆన్ చేస్తారు, మళ్ళీ ఆగుతుంది, అలా కూడా రెండు గంటలవుతుంది. రబ్బింగ్ ఆల్కహాల్ దూదితో తుడవండి.

అసలు వాషర్ బట్టల్ని సరిగ్గా పిండుతోందా? వాషర్లోంచి తీసిన టవల్‌ని చేత్తో పిండితే నీళ్ళు కారకూడదు. కారుతుంటే రోగం డ్రైయర్‌ది కాదు, వాషర్ స్పిన్‌దో డ్రెయిన్ ఫిల్టర్‌దో. జీన్స్, దుప్పట్లు, పల్చటి కుర్తాలు ఒకే లోడులో వేసినా ఇదే బాధ, దుప్పటి మిగతావాటిని మూట కట్టేసుకుంటుంది, లోపలున్నవి పచ్చిగానే ఉంటాయి. డ్రమ్ము సగానికి కొంచెం పైవరకే నింపండి, బట్టలు పైనుంచి కిందికి పడుతూ ఉండాలి.

ఇవన్నీ అయ్యాకే కరెంటు పని. మీ డ్రైయర్‌కి 240 వోల్టులు కావాలి, ప్యానెల్లో 30 ఆంపియర్ల జంట బ్రేకర్ ఉంటుంది. అందులో ఒక పక్క పోతే డ్రమ్ము మామూలుగా తిరుగుతుంది, వేడి మాత్రం రాదు, ఎందుకంటే మోటారుకి 120 చాలు, హీటర్‌కి రెండు పక్కలూ కావాలి. ఒకసారి బ్రేకర్ పూర్తిగా ఆపి మళ్ళీ వేసి చూడండి. మల్టీమీటర్ పట్టడం వచ్చినవాళ్ళు ప్లగ్గు తీసేశాక ఎలిమెంట్ వైర్లు విడదీసి ఓమ్స్ చూసుకోవచ్చు, 10 చుట్టుపక్కల చూపిస్తే బాగున్నట్టు. థర్మల్ ఫ్యూజ్ (వేడి మితిమీరితే తెగిపోయే ఫ్యూజ్) పోయిందని ఎవరైనా చెప్తే గొట్టం శుభ్రం చేయకుండా ఫ్యూజ్ ఒక్కటే మార్పించుకోకండి, అది పోయిందే ఆ గొట్టం వల్ల, మళ్ళీ పోతుంది. ఇక మళ్ళీ ఎవర్ని పిలిచినా ముందు ఒక్క మాట అడగండి, "బయట గాలి ఎలా వస్తోందో చూశారా" అని. చూడకుండా పార్టు మార్చుదామనేవాళ్ళని పంపించేయండి.

ప్రశ్న: న్యూజెర్సీ ఎడిసన్ నుంచి రాస్తున్నాను. మాది గ్యాస్ డ్రైయర్. మొదటి పది పదిహేను నిమిషాలు వేడిగా ఉంటుంది, తర్వాత చల్లగాలే. గొట్టం పోయిన నెలే శుభ్రం చేయించాం. ఒక లోడుకి మూడుసార్లు తిప్పాల్సొస్తోంది.

జవాబు: మీరు చెప్పిన లక్షణం గ్యాస్ వాల్వ్ మీదుండే కాయిల్స్‌ది. చల్లగా ఉన్నప్పుడు అవి వాల్వ్‌ని తెరుస్తాయి, మంట వస్తుంది, ఒకసారి వేడెక్కాక ఆ బలహీనపడ్డ కాయిల్స్ మళ్ళీ తెరవలేవు. చాలా మోడళ్ళలో కింద చిన్న కిటికీ లాంటి కన్నం ఉంటుంది, అందులోంచి చూస్తే ఇగ్నైటర్ (గ్యాస్‌ని అంటించే పార్టు) ఎర్రగా వెలగడం, కాసేపటికి ఆరిపోవడం, మంట మాత్రం రాకపోవడం కనిపిస్తుంది, అలా కనిపిస్తే కాయిల్సే. పార్టు ఖరీదు పెద్దదేం కాదు, కానీ గ్యాస్ పని తెలిసిన లైసెన్సు ఉన్నవాళ్ళ చేతే చేయించండి. పైన గొట్టం ఊడదీసి తిప్పే పరీక్ష వద్దన్నది మీలాంటివాళ్ళకే, గ్యాస్ మండిన పొగ, కార్బన్ మోనాక్సైడ్‌తో సహా, ఇంట్లోకే వచ్చేస్తుంది, ఆ విషవాయువుకి వాసన ఉండదు, మనిషికి తెలిసేలోపే మత్తు కమ్మేస్తుంది. లాండ్రీ గదికి దగ్గర్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే ఈ రిపేరు కంటే ముందు అది పెట్టించండి.

ప్రశ్న: మాది హైదరాబాద్ కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్. వాషర్ డ్రైయర్ రెండూ కలిసిన మిషన్ తీసుకున్నాం, 8 కేజీలది. ఆరబెట్టడానికి నాలుగు గంటలు పడుతోంది, అయినా బట్టలు చెమ్మగా వస్తున్నాయి. ఏప్రిల్ నుంచి ఇంకా ఘోరంగా ఉంది. మోసపోయామా?

జవాబు: మోసపోలేదు, కానీ అమ్మినవాళ్ళు ఒక మాట గట్టిగా చెప్పి ఉండాల్సింది. ఆ 8 కేజీలు ఉతకడానికి, ఆరబెట్టడానికి దాదాపు 5 కేజీలే, మాన్యువల్లో రెండు అంకెలూ ఉంటాయి చూడండి. నిండా వేసి ఉతికి, అలాగే డ్రై కూడా నొక్కేస్తే ఎన్ని గంటలైనా ఆరవు. ఉతికాక సగం తీసి పక్కన పెట్టి మిగతా సగం ఆరబెట్టండి, స్పిన్ కూడా మీ మిషన్‌లో ఉన్న పెద్ద స్పీడే పెట్టండి.

ఇందులో బయటికి గొట్టం ఉండదు. ఇలాంటి చాలా మిషన్లలో ఆవిరిని చల్లనీళ్ళతో తగిలించి మళ్ళీ నీళ్ళుగా మార్చి డ్రెయిన్‌లోకి పంపుతారు, అంటే ఆరబెట్టేటప్పుడు కూడా కుళాయి తెరిచే ఉండాలి, చాలామంది ఉతకడం అయిపోయింది కదా అని కుళాయి కట్టేస్తారు. ఏప్రిల్ నుంచి ఎక్కువైందన్నారు కదా, మీ ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి, ఆ నీళ్ళు ఆవిరిని ఏం చల్లారుస్తాయి? తెల్లవారుజామున వేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. కింద మూల చిన్న తలుపు వెనక డ్రెయిన్ ఫిల్టర్ ఉంటుంది, అది కూడా నెలకోసారి తిప్పి తీసి కడగండి, పిల్లల జేబుల్లోని చిల్లర, జుట్టు, నూగు అంతా అక్కడే చేరుతుంది. ఎలాగూ ఏప్రిల్ ఎండకి బాల్కనీలో గంట చాలు కాబట్టి డ్రైయర్‌ని వానాకాలానికి దాచుకోండి అని నా సలహా.

ప్రశ్న: కాకినాడ నుంచి. మా సెమీ ఆటోమేటిక్‌లో డ్రైయర్ మెల్లగా తిరుగుతోంది, బట్టలు నీళ్ళోడుతూనే వస్తున్నాయి. హీటర్ పోయిందేమో అని మా అబ్బాయి అంటున్నాడు.

జవాబు: మనం డ్రైయర్ అని పిలిచే ఆ రెండో టబ్బులో అసలు హీటరే లేదండి, అది గిర్రున తిప్పి నీళ్ళు విదిలించే స్పిన్ టబ్బు, అంతే. బట్టల్ని సమంగా సర్ది, పైన ఆ చిల్లుల ప్లాస్టిక్ మూత అదిమి పెడుతున్నారా? అది లేకపోతే ఒక బట్ట పైకి లేచి టబ్బుకీ బాడీకీ మధ్య ఇరుక్కుని స్పీడ్ అందుకోనివ్వదు. అది సరిగ్గానే ఉంటే ప్లగ్గు తీసి ఖాళీ టబ్బుని చేత్తో తిప్పండి, పై మూత తెరిచి ఉన్నప్పుడు బిగుసుకుని ఉండాలి, మూసినప్పుడు వదులుగా తిరగాలి. మూసినా బిగుతుగానే ఉంటే బ్రేక్ వైరు సాగి బ్రేక్ షూ రాసుకుంటోందని అర్థం, వైరు ఒక కొక్కెం ముందుకి బిగిస్తే సరిపోవచ్చు. వదులుగానే తిరుగుతూ, ఆన్ చేస్తే మాత్రం మూలుగుతూ మెల్లగా కదిలితే స్పిన్ మోటారు కెపాసిటర్ మార్పించండి, పాతదాని మీద ఎంత ఎంఎఫ్‌డీ (కెపాసిటర్ కొలత) రాసి ఉందో సరిగ్గా అంతే ఉన్నది వేయమనండి. ప్లగ్గు తీసినా దాంట్లో కరెంటు నిలవ ఉంటుంది, అబ్బాయిని చెయ్యి పెట్టనివ్వకండి.